ఒట్టి మాంసమే తింటే బలమొస్తుందా?



పుత్తూరు అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఎముకల కట్టు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు నుంచి కూడా వస్తారు. దాంతోపాటు ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "మేక కాళ్ళ సూపు తాపండి, ఎముక గట్టిగా అతుక్కుంటుంది." కబడ్డీలో చెయ్యి విరగ్గొట్టుకున్న మన తమ్ముడొకడు ఈ మాటకు సెల్‌ఫోన్‌లో చూసిన 'కార్నివోర్ డైట్' కూడా కలిపాడు. ఇంటికిపోయి నెలరోజుల పైన మాంసం, గుడ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కూలికి పోయే వాళ్ళమ్మ కిలో 800 రూపాయల మటన్ అప్పుచేసి తెచ్చింది. చివరికి మలబద్ధకం ముదిరి, రక్తం పడి, భయపడి మాకు ఫోన్ చేశాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఇలాంటివన్నీ మమ్మల్నే అడుగుతారు. పీజీలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక మాట. మాంసం తింటామని మనల్ని చిన్నచూపు చూసినవాళ్ళున్నారు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. శరీరానికి కావలసిన అన్నిరకాల అమైనో ఆమ్లాలు మాంసంలో ఉన్నాయి. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దాదాపు దొరకదు, మాంసంలో దొరుకుతుంది. అందులోని ఇనుము ఆకుకూరల్లో ఇనుము కన్నా సులువుగా ఒంటికి పడుతుంది. రక్తం తక్కువున్నవాళ్ళకు మేక కార్జం మంచి ఆహారం. మన ఇళ్ళల్లో బోటి, తలకాయ, కార్జం పారెయ్యకుండా వండుకోవడం పేదరికం వల్లే కావచ్చు గానీ, పోషకాల లెక్కలో అది తెలివైన పనే.

అయితే మన పెద్దలు ఒట్టి మాంసం ఎప్పుడు తిన్నారు? అరకిలో సియ్యలొస్తే ఇంటిల్లిపాదికీ పులుసు. ముద్ద పెద్దది, కూర చిన్నది. ఉప్పుకండం చేసి దాచుకున్నా సంగటిలోకే.

ఒట్టి మాంసంతో బతకొచ్చా అని 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో పరీక్షించారు. స్టెఫాన్సన్, ఆండర్సన్ అనే ఇద్దరు ఏడాదిపాటు మాంసమే తిన్నారు. ప్రాణానికేమీ కాలేదు. కానీ కొవ్వు లేని మాంసం మాత్రమే పెట్టినప్పుడు స్టెఫాన్సన్‌కు విరేచనాలు పట్టుకున్నాయి, కొవ్వు కలిపాకే తగ్గాయి. ఇద్దరి మీద ఏడాది చేసిన పరీక్ష జీవితాంతం సంగతి చెప్పదు. మంచుదేశాల ఎస్కిమోలు కూడా పచ్చిమాంసం, తిమింగలం చర్మం తిని సి విటమిన్ సంపాదించుకున్నారు. మనం మాంసాన్ని బాగా ఉడికిస్తాం, అందులో ఉన్న కొంచెం సి విటమిన్ కూడా పోతుంది. అది చాలాకాలం అందకపోతే చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ వస్తుంది.

ఇక విరిగిన ఎముక సంగతి. అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి, నిజమే. కాల్షియం కూడా కావాలి. కాళ్ళ సూపులోకి దిగే కాల్షియం చాలా తక్కువ, ఎముక తీసిన మాంసంలో అంతకన్నా ఎక్కువేమీ లేదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములుంది! మన తమ్ముడు పక్కకు నెట్టేసింది ఆ సంగటినే. ఎముకకు పునాది అయిన కొలాజెన్ తయారుకావాలంటే సి విటమిన్ కావాలి. అది జామకాయలో, ఉసిరికాయలో, నిమ్మకాయలో ఉంది. మాంసంలో పీచు అసలే లేదు కాబట్టి మలబద్ధకం.

రోజూ మాంసమే అయితే కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్ళనొప్పులు, కిడ్నీలో రాళ్ళు రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజ్‌ల వంటి నిల్వ మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమని తేల్చింది, మేక, గొడ్డు మాంసాలను 'బహుశా కారణం' అనే వర్గంలో పెట్టింది.

అన్నం మానేస్తే షుగర్, బరువు తగ్గడం నిజమే. అయితే షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడే అమ్మానాన్నలు డాక్టరును అడగకుండా అన్నం మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరిగి పడే ప్రమాదముంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు అసలు ప్రయత్నించకూడదు.

యాభై కిలోల మనిషికి రోజుకు నలభై గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు చాలు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. పప్పు, వేరుశనగలు, అన్నం కూడా తలా కొంత ఇస్తాయి. కిలో మటన్ అవసరం లేదు.

తమ్ముడు మళ్ళీ సంగటి, ఆకుకూర మొదలుపెట్టాడు. కడుపు కుదుటపడింది, చెయ్యి కూడా అతుక్కుంది. వాళ్ళమ్మ చేసిన అప్పు మాత్రం సంక్రాంతి దాటినా తీరలేదు.