వెబ్‌సైటును రైతుచేత పరీక్షింపించుట

నార్సింగికి గచ్చిబౌలి కొద్ది మైళ్ల దూరమే. దేశదేశములవారు వాడుకొను వెబ్‌సైట్లను నిర్మించు కచేరీలు అచ్చట పెక్కు గలవు. కాని యట్టి సైటును తెఱచి మన రైతు ఎచ్చట తడబడునో నిర్మాతలు కన్నులార చూచుట యరుదు.

2020 అక్టోబరు 29వ తేదీన ప్రారంభమైన ధరణిలో 33 మాడ్యూళ్లుండెను. పాసుపుస్తకములో విస్తీర్ణము తప్పుపడినదని యెఱిగిన రైతునకు, ఆ తప్పు ఏ మాడ్యూలు క్రిందికి వచ్చునో తెలియకుండెను. వేఱొక దానిలో పెట్టుకొన్న దరఖాస్తు తిరస్కరింపబడుచుండెను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున వచ్చిన భూభారతిలో వానిని 6కు కుదించి, తొలుత మద్దూరు, లింగంపేట, వెంకటాపూరు, నేలకొండపల్లి మండలములలో ప్రయోగించిరి. ఇది మెచ్చదగిన పనియే. అయితే మండలమంతట ప్రయోగించునాటికి సైటు కట్టుట ముగిసియుండును. అంతకు ముందే జరుపదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. సొంత సైటు తలపెట్టు ప్రతి సంఘమును దానిని జరుపవలెనని మా యభిప్రాయము.

మొదట తెలిసికొనదలచిన దేమో వ్రాసికొనవలెను. "సైటు బాగున్నదా?" యను ప్రశ్న నిష్ప్రయోజనము. "సభ్యుడు తన బాకీ యెంతో, వాయిదా యెన్నడో పరసాయము లేక కనుగొనగలడా?" యని యడుగవలెను.

పరీక్షకు ఐదుగురు చాలుదురు. పెక్కు దోషములు ఐదుగురితోనే బయటపడునని జేకబ్ నీల్సన్ 2000వ సంవత్సరమున వ్రాసెను. వానిని దిద్ది మరల మఱి యైదుగురిచేత చూపించుట మేలనియు నాయన మతము. ఆ యైదుగురు కార్యదర్శిగారి బంధువులు కారాదు. అఱువదేండ్లు దాటినవారును, స్త్రీ రైతులును అందుండవలెను. వారి ఫోనులోనే, ఎండ పడు మార్కెట్టు ఆవరణలోనే చూపవలెను. లెక్కలు మాత్రము కల్పితములై యుండవలెను. ఒకరి యసలు బాకీని పదుగురి యెదుట పెట్టరాదు.

పని చెప్పు మాటలయందు మిక్కిలి జాగ్రత్త కావలెను. మీటపై "ఋణ వివరణ" యని యుండగా "ఋణ వివరణ చూడుడు" అన్నచో జవాబు మనమే యిచ్చినట్లగును. "సంఘమునకు మీరింకెంత కట్టవలెనో చూచి చెప్పు" డనవలెను. "మేము పరీక్షించునది సైటునే గాని మిమ్ము గా"దని ముందే తెలుపవలెను. లేనిచో మర్యాదకై "బాగున్నదండీ" యని లేచిపోవుదురు.

ఆపై చూచువారు మౌనము వహింపవలెను. ఎదుటివాడు తడబడుచుండ ఊరకుండుట మనవారికి ప్రాణసంకటము. చేయి దానంతట నదే ముందుకు సాగును! వ్రేలు ఎచ్చట ఆగెనో, ఏ మాట చదివి వెనుకకు మరలెనో వ్రాసికొనుటయే వారి పని. ఐదుగురిలో ముగ్గురిని ఆపిన దోషమును ముందు దిద్దింపవలెను.

పరీక్షకు వచ్చినవారి యా పూట కూలినష్టమును సంఘమే చెల్లింపవలెను.