కలకత్తా పెద్దబాట: అది నడచు నేలలు, దాటు నీళ్లు

మన ముత్తుకూరు ప్రాంతపు రైతులు నెల్లూరికి పోవునపుడెల్ల కలకత్తా పెద్దబాటను చూచుచునే యున్నారు. ధాన్యపు లారీ యైనను, మంచులో పెట్టిన రొయ్యల బండి యైనను, ఎరువుల బస్తాలు తెచ్చు బండి యైనను దూరము పోవలసివచ్చినచో ఆ బాట నెక్కక తప్పదు. అయినను అది యెచ్చట బయలుదేరి యెచ్చట ముగియుచున్నది, సముద్రమునకు మఱింత దగ్గఱగా గాని కొండలకు మఱింత చేరువగా గాని పోక యీ నడుమనే యేల నడచుచున్నది అని సభ్యులలో ఒకరిద్దఱు మమ్ము నడిగిరి. మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము. దీనిని ఉత్త భూగోళపాఠముగా గాక, మన పొలములకు వచ్చు నీటికి సంబంధించిన సంగతిగా చదువ గోరుచున్నాము.

కుంఫిణీ దొరతనము నాటినుండియు చెన్నపట్టణమునుండి నెల్లూరు, ఒంగోలు మీదుగా కలకత్తాకు పోవు దారికి గ్రేట్ నార్తరన్ ట్రంకు రోడ్డని పేరు. నెల్లూరి పట్టణములోని ట్రంకు రోడ్డు నేటికిని ఆ పేరును మోయుచున్నది. పెద్దబాట మాత్రము ఇప్పుడు ఆ వీధిని విడిచి వెలుపలినుండి పోవుచున్నది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట దీనిలో చాల భాగమునకు 5వ నంబరు జాతీయ రహదారి యని పేరిడిరి. 2010లో దేశమందలి రహదారుల సంఖ్యల నన్నింటిని మార్చినపుడు ఇది 16 అయ్యెను. ఉత్తరదక్షిణములుగా నడచు బాటలకు సరిసంఖ్యలు, తూర్పుపడమరలుగా నడచు వానికి బేసిసంఖ్యలు ఇచ్చిరి. సరిసంఖ్యలు తూర్పున చిన్నవిగా మొదలై పడమటికి పోను పోను పెరుగును. తూర్పుతీరము ననుసరించు మన బాటకు చిన్నసంఖ్య వచ్చుటకు కారణ మిదియే. పొడవు సుమారు 1,700 కిలోమీటర్లు; అందు 1,000కి పైగా ఆంధ్రప్రదేశమునందే యున్నది. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తా నగరములను కలుపు స్వర్ణ చతుర్భుజి యను పథకములో ఇదియు చేరి, నాలుగు వరుసల బాటగా విస్తరింపబడెను.

ఇక సభ్యు లడిగిన ప్రశ్నకు వత్తము. మేము చదువుకొన్న మిషను బడిలో తూర్పుతీరపు నదులను ఉత్తరమునుండి దక్షిణమునకు వరుసగా వల్లె వేయించెడివారు. ఆ వరుసయే యీ బాట వరుస యని మాకు పెద్దవారమైన పిమ్మటనే తెలిసినది. సముద్రపు టంచున ఇసుకదిబ్బలు, ఉప్పుటేళ్లు, ఆటుపోటులకు లోనగు బురదనేలలు గలవు. అచ్చట బండి నిలువదు. పడమట తూర్పుకనుమలు గలవు. ఈ రెంటి నడుమ గట్టినేల పట్టీ యొకటి దొరకినది. బాట దానినే పట్టుకొని నడచుచున్నది. నదులను దాటుటకు డెల్టా శిరస్సు వంటి చోటు వేఱొకటి లేదు. నది పాయలుగా చీలకముందే దాటినచో ఒక్క వంతెన చాలును. చీలిన పిమ్మట నెన్ని పాయలో అన్ని వంతెనలు కట్టవలయును. ఆనకట్టలు కట్టిన ఇంజనీర్లును ఇట్టి చోటులనే యెంచుకొనిరి. కాటన్ దొరగారు ధవళేశ్వరపు ఆనకట్టను 1852లో ముగించిరి; బెజవాడ ఆనకట్టయు, నెల్లూరి ఆనకట్టయు 1855 నాటికి ముగిసెను. కనుకనే రాజమహేంద్రవరము, బెజవాడ, నెల్లూరు అను మూడు చోట్లను బాటయు, కాలువల తలయు ఒకదాని ప్రక్క నొకటి యుండుట మనము చూచుచున్నాము.

బాట బెంగాలులో దన్‌కుణి వద్ద మొదలై, రూపనారాయణ నదిని దాటి, ఖరగ్‌పూరు మీదుగా ఒడిశాలో ప్రవేశించును. బాలేశ్వరము, భద్రకము గడచి, వైతరణి, బ్రాహ్మణి నదులను దాటి కటకము చేరును. అచ్చట మహానది అప్పటికే కాఠజోడితో రెండుగా చీలి యుండుటచే రెండుమారులు దాటక తప్పదు. భువనేశ్వరము, ఖుర్దా గడచిన పిమ్మట కొండలు తూర్పునకు జరిగి బాటను చిలుక సరస్సు నొడ్డునకు నెట్టును. బాలుగాం మొదలు రంభ వఱకు ఒక ప్రక్క కొండయు, ఒక ప్రక్క ఉప్పునీరును. నడుమ నున్న సన్నని నేలలోనే బాటయు, రైలుమార్గమును ఇమిడి యున్నవి.

బరంపురము దాటి, బాహుదా నదీతీరమందలి ఇచ్ఛాపురము వద్ద మన రాష్ట్రము మొదలగును. పలాస ప్రాంతమున జీడితోటలు. పిమ్మట వంశధార, నాగావళి. శ్రీకాకుళము, విశాఖపట్టణము గడచి శారదానది చెంత బెల్లపు సంతకు పేరుగన్న అనకాపల్లి, తాండవనది యొడ్డున తుని, కొండమీది సత్యనారాయణస్వామివారి అన్నవరము వచ్చును. కత్తిపూడి వద్ద తీరపు బాట యొకటి చీలి, కాకినాడ, మచిలీపట్టణము, బాపట్ల, చీరాల మీదుగా తిరిగి ఒంగోలు వద్ద పెద్దబాటలో కలియును. దానికి 216 అని సంఖ్య. మచిలీపట్టణమునకు సరకు పంపువారు బెజవాడ మీదుగా చుట్టి పోవుటకు ముందు ఈ తీరపు బాటను తలచుకొనవలయును.

గోదావరి దాటు విధము తెలిసికొనదగినది. పూర్వపు బాట రాజమహేంద్రవరమునుండి మొక్కల తోటలకు ప్రసిద్ధికెక్కిన కడియము ప్రాంతము మీదుగా డెల్టాలోనికి దిగి, జొన్నాడ–రావులపాలెముల నడుమ గౌతమిని, సిద్ధాంతము వద్ద వసిష్ఠను వేఱువేఱుగా దాటి, తణుకు, తాడేపల్లిగూడెముల మీదుగా గుండుగొలను చేరెడిది. అంతయు వరిచేల నడుమ ఎత్తైన కట్టమీది నడక. ఇప్పుడు ఆ దారికి 216-ఏ అను సంఖ్య నిచ్చిరి. 16వ నంబరు బాట ఆనకట్టకు ఎగువను, గోదావరి యింకను ఒక్కటిగా నున్న చోట, 2015లో తెఱచిన నాలుగవ వంతెనపై కొవ్వూరు వైపునకు దాటి, దేవరపల్లి మీదుగా మెరకనేలలో నడచి గుండుగొలను చేరుచున్నది. కాలువలను, మురుగుకోడులను అడుగడుగునకు దాటుటకంటె మెరకయే మేలని కాబోలు, బాట తిరిగి పాత నియమమునకే వచ్చినది.

ఏలూరు, బెజవాడ, గుంటూరు గడచినచో నల్లరేగడి వచ్చును. చిలకలూరిపేట చుట్టుపట్ల ప్రత్తి, మిరప. మద్దిపాడు వద్ద గుండ్లకమ్మను దాటిన పిమ్మట ఒంగోలు, టంగుటూరు ప్రాంతపు పొగాకు నేలలు. ఉలవపాడు మామిడి, సపోటా తోటలు. కావలి దాటి కోవూరు చేరునప్పటికి మరల వరిచేలు కనుపట్టును, పెన్న వచ్చినదన్నమాట. నెల్లూరికి దక్షిణమున వెంకటాచలము, మనుబోలు, నిమ్మకాయల బేరమునకు పేరుపడిన గూడూరు, స్వర్ణముఖి యొడ్డున నాయుడుపేట. నాయుడుపేటనుండి తిరుపతి బాట చీలును. సూళ్లూరుపేట, తడల వద్ద తూర్పున పులికాటు సరస్సు. అటుపైన గుమ్మిడిపూండి, రెడ్‌హిల్సు మీదుగా చెన్నపట్టణము.

ఈ వర్ణనలో సభ్యులు గమనింపవలసిన సంగతి యొకటి గలదు. బాట ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుచున్నది; నీరు పడమటినుండి తూర్పునకు వచ్చుచున్నది. మొదటినుండి చివరివఱకు ఈ బాట నీటికి అడ్డముగానే నడచుచున్నది. పేరుగల నదులకు వంతెనలు గలవు. పేరులేని వాగులకును, చెఱువుల కలుజులనుండి దిగు నీటికిని, పంటకాలువలకును తూములే దారి. మన గ్రామములు బాటకు తూర్పున నున్నవి. నెల్లూరి ఆనకట్టనుండి సర్వేపల్లి కాలువలో దిగు నీరైనను, మెట్టనుండి వచ్చు వాననీరైనను బాట క్రిందినుండియే మనకు రావలయును; మిగిలినది కండలేటి ముఖమున గాని, వేఱు ఉప్పుటేటి ముఖమున గాని సముద్రమునకు పోవలయును.

బకింగ్‌హాము కాలువయు ఇట్లే నీటికి అడ్డముగా త్రవ్వినదే. 1806లో చెన్నపట్టణమునకు ఉత్తరమున మొదలిడి, 1876–78 కఱవునాడు కూలిపని కల్పించుటకై మఱికొంత త్రవ్వించి, ఆనాటి గవర్నరు పేరు పెట్టిరి. కృష్ణపట్టణము మీదుగా ధాన్యము, ఉప్పు, కట్టెలు పడవలపై పోయిన కాల మది. రైలు, లారీలు వచ్చిన తర్వాత కొంతయు, తుపానులకు గట్లు చెడి కొంతయు, ఆ రాకపోకలు నిలిచిపోయినవి. 2008లో తెఱచిన కృష్ణపట్టణపు రేవునకు సరకు చేర్చునవి ఇప్పుడు బాటయు, రైలుమార్గమునే.

2021 నవంబరున జరిగినది సభ్యులలో పలువురికి జ్ఞాపకముండును. ఆ నెల 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగెను. చెయ్యేఱు పెన్నలో కలియునది; ఆ నీరును, ఇతర యేళ్ల నీరును సోమశిల మీదుగా నెల్లూరికి దిగినవి. కోవూరు మండలములోని పడుగుపాడు వద్ద పెద్దబాట తెగి రాకపోకలు నిలిచెను. ఆ చెంతనే రైలుకట్టయు కోతపడి పట్టాలు వ్రేలాడెను. నదిపై వంతెన నిలిచియే యున్నది. తెగినది నదికి ప్రక్కనున్న మట్టికట్ట. దీని కారణము రైతుకు వివరింప నక్కఱలేదు. మడిగట్టు మీద నీరు పొరలినపుడు ముందుగా కోసికొనిపోవునది పల్లపు వైపు పాదమే గదా. కట్టకు పడమట నీరు నిలిచి యెత్తు పెరిగినకొలది పొరలు వేగము హెచ్చును. తూర్పుపాదము కరగిన పిమ్మట పైనున్న తారును, కంకరయు నిరాధారములై కూలును. నది తన గట్లు దాటి పరచుకొనినపుడు దానికి వలయు వెడల్పు వంతెనయంత గాదు, పల్లమంత.

అంతటి వఱద రాకున్నను ఏటేట చిన్న నష్టము జరుగుచునే యున్నది. మన ప్రాంతమున నారుమళ్లు పోయునదియు, నాట్లు మొదలగునదియు ఈశాన్యపు వానలకాలముననే. తూము పూడినచో పడమటి రైతు నారు మునుగును. ఒక్కుమ్మడిగా తెగివచ్చినచో తూర్పు రైతు గట్లు పోవును. ఒక యేడు మేము కొందఱు సభ్యులతో పెద్దబాట వెంబడి నడచి తూములను చూచితిమి. ఒకచోట పడమట నడుములోతు నీరు నిలిచియుండగా తూర్పున కాలువ యడుగు కనబడుచుండెను. లోపల చూడగా కంకరమన్నును, ఖాళీ బస్తాలును, గుఱ్ఱపుడెక్కయు బిగిసి యున్నవి. మఱియొకచోట తూము బాగుగనే యున్నది గాని, దాని ముఖమున నొక రైతు పొలములోనికి బండి దించుటకు మన్ను పోసి యుండెను. ఇంకొకచోట వాగు పల్లములోనే రొయ్యల గుంట కట్ట లేచి యుండెను. ఈ మాట కొందఱు సభ్యులకు రుచింపకపోవచ్చును. అయినను బాట వేసినవారి తప్పు సగమైనచో మిగిలిన సగము మనదే యని మేము తలచుచున్నాము.

బాట వెడల్పు చేయుటకు గాని, కొత్త చీలిక వేయుటకు గాని భూమి తీసికొనునపుడు రైతు సాధారణముగా నష్టపరిహారమును గూర్చియే అడుగును. అది అడుగవలసినదే. 1956 జాతీయ రహదారుల చట్టము ననుసరించి ప్రకటన వెలువడిన 21 దినములలో అభ్యంతరమును వ్రాతమూలకముగా తెలుపుకొనవచ్చును; నిర్ణయించిన సొమ్ము చాలదని తోచినచో మధ్యవర్తి విచారణను కోరవచ్చును. 2015 జనవరి 1వ తేదీనుండి 2013 నాటి భూసేకరణ చట్టములోని పరిహార విధులు ఈ బాటలకును వర్తించుచున్నవి. కాని ఆ 21 దినములలోనే నీటిదారిని గూర్చియు వ్రాయవలయును. ఏ సర్వే నంబరులో ఏ కాలువ పోవుచున్నది, వానకాలమున నీ రెంత వెడల్పున పాఱును, తూము అడుగు కాలువ యడుగుకంటె ఎత్తున నున్నచో ఎన్ని యెకరములు మునుగును అను సంగతులు కాగితము మీద పటము చూచి గీత గీయువారికి తెలియవు. పొలమున నిలిచినవానికే తెలియును. భూమి పోవు రైతు ఒక్కడు. నీరు నిలిచి నష్టపోవు రైతులు పదిమంది. వారు తమకేమియు పోలేదనుకొని ఊరకుందురు. అట్టి అర్జీ సంఘము పేరిట, నష్టపోవు వారందఱి చేవ్రాళ్లతో పోవుట మంచిది.

ఈ యేడు వానలకు ముందుగా, భాద్రపదమాసములోనే, బాటకు ఇరుప్రక్కలను పొలములున్న సభ్యులు తమ తమ తూములను చూచి కార్యదర్శికి తెలుపవలయును. తూము నెదుట పోసిన మన్నును పోసినవారే తీయుట మర్యాద. బాటకట్ట లోపల పూడినదానిని మనము త్రవ్వరాదు. కట్ట సడలిన అపరాధము మనపై పడును. దానికి జాతీయ రహదారుల వారి 1033 అను నంబరునకు ఫోను చేసి తెలిపి, పిమ్మట వ్రాతమూలకముగా పంపవలయును. పంపునపుడు చెంతనున్న కిలోమీటరు రాతి సంఖ్యయు, తూము ఏ దిక్కున నెన్ని గజముల దూరమున నున్నదియు తప్పక వ్రాయుడు. రాతి సంఖ్య లేని అర్జీకి, అది యెచ్చట నున్నదో తెలుపుడని ప్రత్యుత్తరము వచ్చునప్పటికి కార్తికపు వానలు కురిసి పోవును.