చీమలు ప్రాకినట్లుండే చర్మం: ముట్లుడిగే వయస్సులో తెలుసుకోదగిన విషయాలు

నలభై అయిదేళ్ళు దాటిన తల్లులు కొందరు దర్శనం చేసుకొన్న తరువాత, పంచాంగం చూసే మావంటి వారి వద్దకు వచ్చి మెల్లగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. ఒంటిమీద దద్దురు లేదు, పొక్కు లేదు. అయినా రాత్రిపూట చేతులమీద, వీపుమీద చీమలు ప్రాకుతున్నట్లు ఉంటుంది, దురదతో నిద్ర పట్టదు, ఇది సర్పదోషమా అని. వారందరికీ నేను చెప్పే సమాధానం ఒక్కటే. అమ్మా, ఇది చాలావరకు వయోధర్మం. దోషమేమోనని భయపడవద్దు. ముందుగా వైద్యులను దర్శించండి.

ఈ సమాధానం నాకు మొదటినుండీ తెలిసినది కాదు. మా గృహిణికి నలభై ఎనిమిదవ ఏట ఇదే బాధ కలిగింది. నాతో చెప్పినప్పుడు సుబ్రహ్మణ్యేశ్వరునికి అభిషేకం చేయించి, తగ్గుతుందిలే అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. మూడు నెలల తరువాత మా అమ్మాయి పట్టుబట్టి వైద్యురాలి వద్దకు తీసుకొని వెళ్ళగా, వయస్సు మార్పుకు తోడు థైరాయిడ్ లోపం కూడా ఉన్నదని తేలింది. అభిషేకం చేయించడంలో తప్పు లేదు. దానితో నా కర్తవ్యం తీరిపోయిందని భావించడమే నేను చేసిన పొరపాటు.

స్త్రీలకు రజోదర్శనం పన్నెండవ ఏట మొదలై ఏబదవ ఏట క్షీణిస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. అప్పుడప్పుడు కొన్నేళ్ళు ముందు వెనుకలు కావచ్చు. పన్నెండు నెలలపాటు వరుసగా బహిష్టు రాకపోతే ముట్లుడిగినట్లు నేటి వైద్యులు నిర్ణయిస్తారు. అంతకు కొన్ని సంవత్సరాల ముందునుండే నెలలు తప్పడం, ఒళ్ళు ఆవిర్లు కమ్మడం, నిద్ర చెడడం వంటి మార్పులు కనిపిస్తాయి. చర్మంలోని మార్పు కూడా వాటిలో ఒకటి.

దీనికి కారణం ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోవడం. చర్మంలోని తేమను, బిగువును నిలపడంలో దానికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. అది తగ్గినకొద్దీ చర్మం పలుచబడి, పొడిబారుతుంది. పొడిబారిన చర్మం చిన్న రాపిడికే దురద పెడుతుంది. పైకి ఏమీ కనబడకుండా చిమచిమలాడడం, చీమలు ప్రాకినట్లుండడం కూడా కొందరికి కలుగుతుంది. మన వైద్యగ్రంథాలలో చిమచిమాయనమనే మాట ఉన్నది. పాశ్చాత్య వైద్యులు చీమలు ప్రాకినట్లుండే బాధను ఫార్మికేషన్ అంటారు. లాటిన్ భాషలో ఫార్మికా అంటే చీమ. దేశాలు వేరైనా బాధపడినవారు చెప్పిన పోలిక ఒక్కటే. కనుక ఇది మీ భ్రమ అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

వయస్సు మీరినకొద్దీ దేహంలో వాతం ప్రబలుతుందని, రూక్షత దాని గుణమని ఆయుర్వేదం చెబుతుంది. రూక్షతకు స్నిగ్ధత విరుగుడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో నిత్యం అభ్యంగనం చేసుకొమ్మని విధించాడు. శిరస్సుపై వేడినీరు పోసుకోరాదని కూడా చెప్పాడు. నేటి చర్మవైద్యులు చెప్పే జాగ్రత్తలకు ఇది దగ్గరగానే ఉన్నది.

స్నానానికి గోరువెచ్చని నీరు చాలు. బాగా కాగిన నీరు ఆ క్షణాన హాయిగా ఉన్నా, చర్మంలో మిగిలిన కాస్త జిడ్డునూ కడిగివేస్తుంది. తరువాత దురద రెట్టింపవుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున స్నానం చేసేవారు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. స్నానం పది నిమిషాలలో ముగించాలి. ఘాటైన సబ్బులు, గరుకైన పీచు మానాలి. సున్నిపిండితో నలుగు పెట్టుకొనే అలవాటున్నవారు గట్టిగా రుద్దరాదు. తువాలుతో మెల్లగా అద్దుకొని, ఒంటిమీద తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెనో, వాసన లేని లేపనాన్నో పలుచగా రాసుకోవాలి. తేమ లోపల నిలిచేది అప్పుడే. నూనె కాళ్ళతో స్నానాల గదిలో జారిపడకుండా చూసుకోవాలి. ఈ వయస్సులో ఎముకలు కూడా బలహీనపడతాయి.

పసుపు, కుంకుమల విషయంలోనూ జాగ్రత్త అవసరం. బజారులో దొరికే కొన్ని పసుపు, కుంకుమలలో కృత్రిమమైన రంగులు కలుపుతారు. స్టిక్కరు బొట్టు వెనుక ఉండే జిగురు కొందరికి దురద కలిగిస్తుంది. ఆ చోట తెల్లమచ్చ కూడా ఏర్పడవచ్చు. బొట్టు మానమని నేను చెప్పను. దురద ఉన్నన్నాళ్ళు స్టిక్కరు మాని, రంగు కలపని కుంకుమను చిన్న చుక్కగా ధరించి, రాత్రి పడుకొనేముందు తుడిచివేయండి. పట్టుచీరను దర్శనానికి ఉంచుకొని, ఇంట్లో మెత్తని నూలుచీర కట్టండి. గోళ్ళు కురచగా కత్తిరించుకోండి. దురద తీవ్రమైనప్పుడు గోకడానికి బదులు చల్లని తడిగుడ్డ వేసుకోండి. ఉపవాస దినాలలో కూడా మంచినీరు మానవద్దు.

అయితే ప్రతి దురదకూ వయస్సే కారణమని అనుకోరాదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, రక్తహీనత, కాలేయ, మూత్రపిండ వ్యాధులు కూడా దురదకు, తిమ్మిరికి కారణం కావచ్చు. అరికాళ్ళు, అరచేతులు తిమ్మిరెక్కుతుంటే బి12 విటమిను లోపమేమో పరీక్ష చేయించాలి. అది శాకాహారులలో తరచుగా కనబడే లోపం. ఇంట్లో మరికొందరికి కూడా రాత్రిపూట దురద ఉంటే గజ్జి కావచ్చు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ పూతమందులు చర్మాన్ని ఇంకా పలుచబరుస్తాయి. వైద్యులు చెప్పనిదే వాడరాదు. హార్మోను చికిత్స కొందరికి మేలు చేస్తుంది, కొందరికి తగదు. దానిని నిర్ణయించవలసినది వైద్యులే.

మూడు సందర్భాలలో ఆలస్యం చేయరాదు. దురదతో పాటు కళ్ళు పచ్చబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే వైద్యులను చూడాలి. శరీరంలో ఒకవైపు హఠాత్తుగా మొద్దుబారినా, బలం తగ్గినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. ముట్లుడిగి ఏడాది గడచిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే, అది ఒక్క చుక్క అయినా సరే, స్త్రీవైద్యురాలికి చెప్పి తీరాలి. రహస్యాంగాలలో పొడిదనం, దురద ఉన్నా ఆమెతో చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. దానికి సులభమైన చికిత్సలున్నాయి.

చివరగా గృహస్థులకు ఒక మాట. ఇంటి ఇల్లాలు రాత్రి లేచి కూర్చుంటే, నిద్ర చాలక పగలు విసుగు పడితే, ఏమైందని ఒకసారి అడగండి. ఆమె చెప్పినది పూర్తిగా వినండి. వైద్యురాలి వద్దకు వెంట వెళ్ళండి. ఆ తరువాత ఇద్దరూ కలిసి గుడికి రండి. స్వామికి అభిషేకం అప్పుడు చేయించుకోవచ్చు.

శుభమ్.