బోండాల కాగితం, బున్సెన్ మరక

సదుంలో సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి పిల్ల, బోండాలు తిన్న కాగితాన్ని పారేయకుండా ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూస్తోంది. "సార్, బల్ల మీద పెడితే మరక నల్లగా ఉంది. ఎత్తి చూస్తే తెల్లగా వెలుగుతోంది. ఏది నిజం?"

రెండూ నిజమే. కాగితానికి తెలుపు వచ్చేది నారల సందుల్లో ఇరుక్కున్న గాలి వల్ల. వెలుగు అక్కడ చెదిరి చాలామటుకు వెనక్కే వస్తుంది. సందుల్లోకి నూనె దిగితే ఆ చెదరడం తగ్గి, వెలుగు అవతలికి దూరిపోతుంది. అందుకే మనవైపు నుంచి వెలుగు పడితే మరక నల్లన, అవతలి నుంచి పడితే తెల్లన. మరి రెండు వైపులా సమానంగా పడితే? ఇటునుంచి పోయినంత అటునుంచి వచ్చేస్తుంది. మరక మాయం!

1840లలో బున్సెన్ (మన ల్యాబు బర్నర్ బున్సెనే) దీన్నే కొలసాధనం చేశాడు. ఒక వెలుగు ఇంకోదానికి ఎన్నింతలో కన్ను చెప్పలేదు. రెండూ సమానమా అంటే మాత్రం తక్కెడ ముల్లులా ఇట్టే పట్టేస్తుంది. అంతకుముందే రమ్‌ఫర్డ్ రెండు దీపాల ముందు కర్ర నిలిపి, దాని రెండు నీడలనూ పోల్చాడు. అదీ తెలివైన పనే. నాకు మాత్రం మరక మీదే మక్కువ.

తెల్లకాగితం మీద చెనిక్కాయ నూనె చుక్క వేసి నిలబెట్టాం. ఒకపక్క 25 సెంటీమీటర్ల దూరంలో కొవ్వొత్తి, రెండోపక్క ఎల్‌ఈడీ బల్బు. సున్నం గోడ వెలుగును తిప్పికొడుతుంటే నల్ల దుప్పటి కట్టాం. బల్బును జరుపుతూ పోతే రెండున్నర మీటర్ల దగ్గర మరక అణిగింది. దూరం 10 రెట్లు. వెలుగు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి బల్బు 100 కొవ్వొత్తుల పెట్టు. పూర్తిగా మాయం కాలేదులెండి. కొవ్వొత్తి పసుపు, బల్బు తెలుపు, ఆ రంగుల పేచీ తెగలేదు.

తర్వాత కంటి పని సాధనాలకు పోయింది. 1873లో సెలీనియం గుణం బయటపడింది, వెలుగు పడితే అందులో కరెంటు సులువుగా పారుతుందని. ఆ తర్వాత సిలికాన్, ఇప్పుడు ఫోన్ నెత్తిన వెలుగును లక్స్‌లలో కొలిచే చిన్న చుక్క. కొవ్వొత్తి మీటరు దూరంలో ఎదురు తలం మీద వేసే వెలుగు ఇంచుమించు 1 లక్స్. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష దాకా పోతుంది.

పున్నమి రాత్రి మిద్దె మీద ఫోన్ సున్నా చూపించింది. ఆ పిల్ల మరక కాగితం తెచ్చి ఒకవైపు వెన్నెల పడేలా పట్టుకుంది. గాలికి అట్ట అడ్డం పెట్టి రెండోవైపు కొవ్వొత్తిని వెనక్కి జరుపుతూ పోయాను. అంత మసకలో రంగులు కంటికి ఆనవు, పేచీ లేదు. సుమారు రెండు మీటర్ల దగ్గర, "సార్, పోయింది!" అంది. దూరం వర్గం నాలుగు. వెన్నెల పావు లక్స్.