ఢిల్లీ లేఖ: నీడలో కొలిచిన వేడి

రాజకీయం అశోకా రోడ్డుకు కొత్త కాదు. ఇండియా గేటు వైపు చివర ఆంధ్రప్రదేశ్ భవన్ ఉన్నది. పటేల్ చౌక్ సమీపాన ఎన్నికల సంఘపు నిర్వాచన్ సదన్ ఉన్నది. ఈ రెండింటి నడుమ నేరేడుచెట్ల నీడన సాగే సంభాషణలలో టిక్కెట్లు, పొత్తులు, ఓట్ల లెక్కలు తప్ప వేరొక ప్రస్తావన అరుదు. అయితే 2024 ఏప్రిల్ 22న నిర్వాచన్ సదన్‌లో జరిగిన ఒక సమావేశం ఎండను గురించినది. నాటి ముఖ్య ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్, ఆయన సహచరులు వాతావరణ శాఖ, ఆరోగ్య శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థల అధికారులను పిలిపించి, సంయుక్తంగా ఒక కార్యదళాన్ని ఏర్పరచారు. ప్రతి దశ పోలింగుకు ఐదు రోజుల ముందు, అవసరమైతే, వడగాడ్పుల సూచనలను సమీక్షించడం దాని విధి.

దీనికి కారణం లేకపోలేదు. ఏప్రిల్ నుండి జూన్ వరకు మామూలుగా 4 నుండి 8 రోజులుండే వడగాడ్పులు ఈసారి వివిధ ప్రాంతాలలో 10 నుండి 20 రోజుల వరకు ఉండగలవని ఏప్రిల్ ఆరంభంలోనే వాతావరణ శాఖ హెచ్చరించింది. ఆ హెచ్చరిక వమ్ము కాలేదు.

వాతావరణ జోస్యమంటే మనవారికి పరిహాసం పాతది. వాన విషయంలో ఆ పరిహాసానికి ఇప్పటికీ కొంత చోటున్నదేమో గాని, ఎడారి ఎండ విషయంలో లేదు. మే నెలలో థార్ ఎడారిపై మబ్బుండదు, నేలలో తేమ ఉండదు. తడినేలపై పడిన ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. పొడి ఇసుకపై పడిన ఎండకు ఆ ఖర్చు లేదు. అది నేలను, గాలిని వేడెక్కించడానికే వినియోగమవుతుంది. దీనికి తోడు పై ఆకాశంలో అధికపీడనం తిష్ఠ వేసినప్పుడు గాలి కిందికి దిగుతూ, ఒత్తిడికి లోనై ఇంకా వేడెక్కుతుంది. పడమటి నుండి వచ్చే అలజడులు ఏవైనా మబ్బును, జల్లును తెచ్చేవరకు ఉపశమనం ఉండదు. ఇవన్నీ విశాలమైన, నెమ్మదిగా కదిలే వ్యవస్థలు. కనుకనే ఉపగ్రహాలు పంపే చిత్రాలు, జోధ్‌పూర్ వంటి కేంద్రాల నుండి ఎగురవేసే బెలూన్లు తెచ్చే సమాచారం, గణనయంత్రాల లెక్కలు కలిపి, నాలుగైదు రోజుల ముందే వడగాడ్పును చాలవరకు నమ్మదగిన రీతిలో సూచించడం సాధ్యమవుతున్నది.

మైదానాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, మామూలు కంటె 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణిస్తుంది. 45 దాటితే మామూలుతో పోల్చి చూడవలసిన పనియే లేదు. 47 దాటితే అది తీవ్రమైన వడగాడ్పు. రాజస్థాన్‌లోని ఫలోడిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైనవి. 2024 మే 28న చురులో 50.5 నమోదైంది. మరునాడు ఢిల్లీలోని ముంగేష్‌పూర్ స్వయంచాలిత కేంద్రం 52.9 చూపించేసరికి దేశమంతటా కలకలం రేగింది. పరీక్షించి చూడగా ఆ పరికరం 3 డిగ్రీలు ఎక్కువ చూపుతున్నదని తేలింది. తన తప్పును తానే వెల్లడించిన వాతావరణ శాఖను ఈ విషయంలో మెచ్చుకొనవలసినదే. అదే రోజు సఫ్దర్‌జంగ్ కేంద్రంలో నమోదైన 46.8 డిగ్రీలలో మాత్రం ఏ దోషమూ లేదు. 79 సంవత్సరాలలో అక్కడ అంతటి ఎండ లేదు.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మన పెద్దల మాట. ఆ కార్తెలోనే జూన్ 1న చివరి దశ పోలింగు జరిగింది. సూచన ముందే వెలువడింది, కార్యదళమూ ఉన్నది. అయినప్పటికీ ఉత్తరప్రదేశ్‌లో ఆ ఒక్కరోజున పోలింగు విధులలో ఉన్న 33 మంది ఎండకు మరణించారని ఆ రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి ప్రకటించారు. మృతులలో హోంగార్డులు, పారిశుధ్య కార్మికులు ఉన్నారు. నష్టపరిహారం ప్రకటించారు. జోస్యం నిజమయింది; మనుషులు దక్కలేదు. ఈ రెండు మాటల మధ్యనున్న అగాధమే నేటి అసలు సమస్య.

దీనిని ఎడారివారి బాధగా భావించి తెలుగువారు నిశ్చింతగా ఉండటానికి వీలు లేదు. వాయవ్యం నుండి వీచే పొడిగాలి రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భల మీదుగా తెలంగాణకు, కోస్తాకు చేరుతుంది. సముద్రపు గాలి సకాలంలో తీరం దాటి లోపలికి రాని రోజున కోస్తా జిల్లాలు కొలిమి అవుతాయి. 2015 మే నెలలో దేశంలో వడదెబ్బకు రెండువేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. రికార్డు ఎడారిది, చావులు మనవి! గాలిలో తేమ హెచ్చుగా ఉన్నచోట చెమట ఆరదు. చెమట ఆరనిదే శరీరం చల్లబడదు. ఉష్ణమాపకం ఫలోడి కంటె అయిదారు డిగ్రీలు తక్కువ చూపినా మనిషికి అపాయం తక్కువ కాదు. తీరప్రాంతాలకు 37 డిగ్రీల ప్రమాణాన్ని పెట్టడంలోను, తేమను కూడ లెక్కలోకి తీసుకునే ఉష్ణసూచికను 2023 నుండి ప్రయోగాత్మకంగా ప్రకటించడంలోను ఉన్న ఔచిత్యం ఇదే.

మరొక విషయం పాఠకులు గమనించాలి. వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత, గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడలో కొలిచినది. శాస్త్రానికి అదే సరైన పద్ధతి. కాని తారు పోసే కూలీ, ఉపాధి హామీ పనికి పోయిన స్త్రీ, ఆటో తోలేవాడు ఆ పెట్టెలో నివసించటం లేదు.

చట్టం కూడ నీడలోనే కూర్చున్నది. 2024 వేసవి నాటికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో 12 ఉన్నవి. తుఫాను, వరద, కరవు, భూకంపాలతో పాటు చలిగాడ్పు కూడ అందులో ఉన్నది. వడగాడ్పు లేదు! జాబితాను పెంచమని రాష్ట్రాలు చేసిన విజ్ఞప్తిలో తగినంత బలం కానరాలేదని 15వ ఆర్థిక సంఘం అభిప్రాయపడింది. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకొనవచ్చునన్న వెసులుబాటు మాత్రమే మిగిలింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును రాష్ట్రస్థాయి విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయం నిర్ణయించింది. ఇది స్వాగతించదగినదే. అయితే సహాయం చావు తరువాత వచ్చేది. సూచన చావుకు ముందు వచ్చేది. ముందు వచ్చినదానికి విలువ కట్టనిదే, తరువాత వచ్చేదాని ఖర్చు తగ్గదు.

సూచనను పనికి ముడిపెట్టడం అసాధ్యమేమీ కాదు. 2010 వేసవిలో భారీ ప్రాణనష్టాన్ని చవిచూసిన అహమ్మదాబాదు నగరం 2013లో ఎండకు ప్రత్యేక ప్రణాళికను రూపొందించుకున్నది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాలవారు వేలాదిగా కూలికి పోయే గల్ఫ్ ఎడారి దేశాలను చూడండి. ఖతార్ 2021లో చేసిన నిబంధన ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుండి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించరాదు. ఎండను, తేమను, గాలిని కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపవలసినదే. అమలులో లోపాలున్నవన్న విమర్శ లేకపోలేదు. కాని అక్కడ అంకె ఒక ఆజ్ఞ. ఇక్కడ అది వార్త.

ఎన్నికల సంఘం తలచుకొన్నప్పుడు అంకె ఇక్కడ కూడ ఆజ్ఞ అయినది. 2024 మే 13 పోలింగుకు, తెలంగాణలోని పలు నియోజకవర్గాలలో ఓటింగు వేళను సాయంత్రం 5 నుండి 6 గంటలకు పొడిగించింది అశోకా రోడ్డులోని ఆ భవనమే. ఓటరు ఎండబారిన పడకుండా గడియారాన్ని జరిపిన ప్రభుత్వ యంత్రాంగం, ఆ ఓటరు మరునాడు కూలికి పోయినప్పుడు గడియారాన్ని జరపలేదా?

ఎర్ర హెచ్చరిక వెలువడిన రోజున పని ఆపించవలసిన అధికారి ఎవరు, ఆగిన పనికి కూలి ఇచ్చేదెవరు? మన పార్లమెంటు సభ్యులు బడ్జెటు సమావేశాలలో ఈ రెండు ప్రశ్నలనే అడిగితే చాలును. అప్పటికి అశోకా రోడ్డు నేరేడుచెట్ల కింద నీడ చల్లగానే ఉంటుంది. మే నెల రాకముందే అడగవలసిన ప్రశ్నలివి.