కెమెరా చెడిందా? సెల్లు చెడిందా?

నక్కపల్లి మండలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. సంఘంలో పదిమంది అక్కచెల్లెళ్ళు. వాళ్ళ దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉంది. పాతదే, కాని బాగా పనిచేస్తుంది. ఫోన్లు వచ్చాక కూడా సంఘం దాన్ని వదల్లేదు. ఇంట్లో ఫోను ఎప్పుడు ఎవరి జేబులో ఉంటుందో చెప్పలేం. కెమెరా మాత్రం సంఘం పెట్టెలోనే ఉంటుంది. అది అందరిదీ.

ఒకరోజు తెల్లారేసరికి ఒక సభ్యురాలి గేదె చనిపోయింది. అప్పు తీసుకొని కొన్న గేదె. దానికి బీమా ఉంది. బీమా డబ్బులు రావాలంటే పశువుల డాక్టరు కాగితం కావాలి. చెవి బిళ్ళ కనబడేలా ఫొటో కావాలి. ఎండ ముదిరేలోగా గేదెను పూడ్చిపెట్టాలి.

సంఘం లీడరు కెమెరా తెచ్చింది. మీట నొక్కింది. కెమెరా కన్ను తెరిచింది. ఎర్రగా ఒక గుర్తు చూపించింది. మళ్ళీ కన్ను మూసేసింది.

"ఏటొదినా, రాత్రంతా ఛార్జింగు పెట్టేవు కదా?"

"పెట్టేనే. దీపం కూడా వెలిగింది. ఏటయిందో తెలీట్లేదు."

చివరికి పక్క వీధి కుర్రాడి ఫోను దొరికింది. ఫొటో వచ్చింది. కాని ఆ గంటసేపు గేదె గల ఇల్లాలికి కాలూ చెయ్యీ ఆడలేదు.

మర్నాడు లీడరు కెమెరా పట్టుకొని బజారుకు వెళ్ళింది. ఒక షాపులో "కెమెరా పోయిందమ్మా, కొత్తది కొనుక్కో" అన్నారు. ఇంకో షాపులో "ఈ సెల్లులు వేసుకో, బోలెడు పవరు" అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఎవరి మాటా గుడ్డిగా నమ్మక్కర్లేదు. సెల్లు మీద రాసినది చదివితే సగం సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ సెల్లు అంటే ఫోను కాదు. టార్చిలైటులో, రేడియోలో, కెమెరాలో వేసే బ్యాటరీ.

కెమెరా ఆడవాళ్ళకెందుకు అంటారా?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అనే ఊరుంది. అది తెలంగాణలో ఉంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. ఆ సంస్థ మహిళా సంఘాల్లో చేరిన దళిత రైతు స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. వాళ్ళలో చదువు రానివాళ్ళు కూడా ఉన్నారు. 2001లో వాళ్ళకు సొంతంగా కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. పంటల గురించి, విత్తనాల గురించి వాళ్ళే సినిమాలు తీశారు.

కెమెరా పనికి వాళ్ళు తమ మాటలే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే "పటేల్ షాట్" అన్నారు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా పెట్టి తీస్తే "సంఘం షాట్" అన్నారు.

ఎంత మంచి షాట్ అయినా బ్యాటరీ లేనిదే రాదు. కెమెరా పట్టినవాళ్ళకు బ్యాటరీ సంగతి కూడా తెలియాలి.

రెండు రకాల సెల్లులు

మామూలు సెల్లు కొబ్బరిబొండం లాంటిది. నీళ్ళు తాగేశాక ఇక పనికిరాదు. ఛార్జింగు సెల్లు చెరువు లాంటిది. ఎండినా మళ్ళీ నింపొచ్చు.

1990లలో ఇళ్ళల్లో ట్రాన్సిస్టర్లలో వాడిన నిప్పో సెల్లులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. నెల్లూరు ఫ్యాక్టరీలో అవి తయారయ్యేవి. అవి మామూలు సెల్లులు. మామూలు సెల్లును ఛార్జింగు పెట్టకూడదు. లోపలి రసం కారిపోవచ్చు. సెల్లు పేలిపోవచ్చు కూడా.

కెమెరాల్లో వాడే ఛార్జింగు పెన్సిల్ సెల్లుల్లో నికెల్ అనే లోహం ఉంటుంది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఫ్లాష్ వెలగాలంటే ఇంకా ఎక్కువ కావాలి. చవక సెల్లు అంత కరెంటు ఇవ్వలేదు. గోడ గడియారాన్ని ఏడాది నడిపే సెల్లు, కెమెరాలో నాలుగు ఫొటోలకే చేతులెత్తేస్తుంది. ఆ పని నికెల్ సెల్లు బాగా చేస్తుంది.

సెల్లు ఎందుకు ముసలిదవుతుంది?

చెరువులో ఏటేటా పూడిక చేరుతుంది. వాన కురిస్తే చెరువు నిండినట్టే కనబడుతుంది. కాని నీళ్ళు తక్కువ పడతాయి. తొందరగా ఎండిపోతుంది.

సెల్లు సంగతీ అంతే. నింపిన ప్రతిసారీ, వాడిన ప్రతిసారీ లోపలి మందు కొంచెం పాడవుతుంది. మంచి నికెల్ సెల్లును కొన్ని వందల సార్లు నింపొచ్చు. ఆ తర్వాత అది పట్టేది తగ్గిపోతుంది. ఛార్జరు దీపం మాత్రం మారుతూనే ఉంటుంది. "నిండింది" అని చెబుతూనే ఉంటుంది. లీడరు మోసపోయింది అక్కడే.

వాడకుండా ఉంచినా సెల్లు ఖాళీ అవుతుంది. పాత రకం నికెల్ సెల్లు పెట్టెలో ఊరికే ఉన్నా నెలా రెండు నెలల్లో చాలా ఛార్జి పోగొట్టుకుంటుంది. చిల్లు కుండలో నీళ్ళలాగ. 2005లో జపాన్‌కు చెందిన సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే సెల్లు తెచ్చింది. అది ఏడాది ఉంచినా చాలా వరకు నిండుగానే ఉంటుంది. ఇప్పుడు చాలా కంపెనీలు అలాంటివి చేస్తున్నాయి. వాటిని ముందే నింపి అమ్ముతారు. అట్ట మీద ఆ మాట రాసి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వాడే సంఘం కెమెరాకు ఈ రకమే మంచిది.

డబ్బు తీసే ముందు తేల్చుకోండి

ఒకటి. సెల్లులు సరిగ్గా పెట్టారా? కూడిక గుర్తు, తీసివేత గుర్తు చూడండి. కెమెరా లోపల కూడా ఆ గుర్తులు ఉంటాయి. రెండూ కలవాలి.

రెండు. లోపలి రేకులు శుభ్రంగా ఉన్నాయా? సెల్లులు తీసేసి పొడి గుడ్డతో తుడవండి. తెల్లటి పొడి ఉంటే చేత్తో ముట్టకండి. అది చర్మాన్ని కాలుస్తుంది. గుడ్డ కొసను కొద్దిగా నిమ్మరసంలో తడిపి తుడవండి. బాగా ఆరనివ్వండి.

మూడు. కొత్త ఆల్కలైన్ సెల్లులు వేసి చూడండి. కెమెరా చక్కగా పనిచేసిందా? అయితే కెమెరా బాగుంది. సెల్లులే పోయాయి. అప్పటికీ పనిచేయకపోతే కెమెరాను బాగుచేసేవాళ్ళకు చూపించాలి.

నాలుగు. ఛార్జరు బాగుందా? అదే రకం సెల్లుల ఛార్జరు ఇంకొకరి దగ్గర ఉంటే, దానిలో పెట్టి చూడండి. ఛార్జరు పాడైతే మంచి సెల్లులు కూడా చచ్చినట్టే ఉంటాయి.

ఈ నాలుగూ చూశాకే కొత్త సెల్లులు కొనండి.

సైజు కాదు, అంకె చూడండి

సెల్లు మీద రెండు అంకెలు ముఖ్యం.

మొదటిది వోల్టులు. కరెంటును తోసే బలం అది. మామూలు పెన్సిల్ సెల్లు మీద 1.5 ఉంటుంది. నికెల్ ఛార్జింగు సెల్లు మీద 1.2 ఉంటుంది. ఈ రెండింటిలో ఏదైనా వేయవచ్చని చాలా కెమెరాల పుస్తకాల్లో రాసి ఉంటుంది. అసలు జాగ్రత్త మూడో అంకెతో. అదే సైజులో 3.7 వోల్టుల లిథియం సెల్లు కూడా వస్తుంది. చూడటానికి పెన్సిల్ సెల్లు లాగే ఉంటుంది. లెక్క వేయండి. మామూలు సెల్లులు నాలుగు వేస్తే 6 వోల్టులు. 3.7 సెల్లులు నాలుగు వేస్తే దాదాపు 15 వోల్టులు. కెమెరా కాలిపోతుంది. సైజు సరిపోయిందని వేయకండి.

రెండో అంకె, సెల్లు ఎంత పడుతుందో చెబుతుంది. ఆ అంకె పక్కన ఎం, ఏ, హెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. చెరువు ఎంత పెద్దదో చెప్పే అంకె అది. నికెల్ పెన్సిల్ సెల్లుకు 2000 నుంచి 2700 దాకా ఉండొచ్చు. కొన్ని చవక సెల్లుల మీద 4000 అనీ, 5000 అనీ ఉంటుంది. ఆ సైజు నికెల్ సెల్లులో అంత పట్టదు. అది అబద్ధం అంకె. "బోలెడు పవరు" అన్నవాడి చేతిలో ఉన్నది అదే.

కొంటే అన్నీ ఒకేసారి

కెమెరా ఆగిపోయిన వెంటనే ఒక్కో సెల్లుకూ మీటరు పెట్టి చూడమని అడగండి. లీడరు అలాగే అడిగింది. మూడు సెల్లులు 1.2 దగ్గర చూపించాయి. ఒకటి 0.8 చూపించింది. పాడైంది ఆ ఒక్కటి.

"అయితే ఒక్కటే కొందాం. మూడు సెల్లుల డబ్బులు మిగుల్తాయి" అంది ఒక చెల్లెలు.

మిగలవు. కాడికి ఒకవైపు ముసలెద్దును, ఒకవైపు కోడెను కడితే ఏమవుతుంది? బండి ముసలెద్దు నడకే నడుస్తుంది. సెల్లులు కూడా ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లాంటివే. మూడు పాతవి ముందు ఖాళీ అవుతాయి. కొత్తది ఖాళీ సెల్లుల గుండా కరెంటు తోస్తూనే ఉంటుంది. దాంతో పాతవి ఇంకా పాడవుతాయి. రసం కారి కెమెరాను కూడా తినేస్తాయి.

కాబట్టి ఉన్న సెల్లులన్నీ ఒకేసారి మార్చాలి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే అంకె గలవి కావాలి. వాటి మీద చెరగని ఇంకుతో కొన్న నెల, సంవత్సరం రాయండి. ఎప్పుడూ ఆ సెల్లులను కలిపే వాడండి. కలిపే నింపండి.

ఖర్చు సంగతి చూద్దాం. నాలుగు ఆల్కలైన్ సెల్లులు 100 రూపాయలు అనుకోండి. నాలుగు మంచి ఛార్జింగు సెల్లులు 800 అనుకోండి. ఎనిమిది సార్లు నింపి వాడితే డబ్బు తిరిగి వచ్చినట్టే. ఆ పైన అంతా లాభం. మీ ఊరి ధరలు వేసి మీరే లెక్క కట్టండి. గోడ గడియారానికి, టీవీ రిమోటుకు మాత్రం మామూలు సెల్లే చాలు.

ఛార్జింగు పెట్టేటప్పుడు

నికెల్ సెల్లులకు నికెల్ ఛార్జరే వాడాలి. లిథియం సెల్లులకు వాటి ఛార్జరే వాడాలి. మంచం మీద, బట్టల మీద, పొయ్యి దగ్గర పెట్టకండి. సెల్లు కొంచెం వెచ్చబడటం మామూలే. చెయ్యి కాలేలా ఉంటే వెంటనే తీసేయండి.

తనంతట తాను ఆగని ఛార్జర్లు ఉంటాయి. వాటికి గంటలు లెక్క వేసుకోవాలి. సెల్లు అంకె 2000. ఛార్జరు అంకె 200. భాగిస్తే 10. కొంత వృథా పోతుంది కనుక 12 గంటలు చాలు. రెండు రాత్రులు వదిలేయకూడదు.

పలచటి బ్యాటరీ అయితే

కొన్ని కెమెరాల్లో అగ్గిపెట్టెలాంటి పలచటి బ్యాటరీ ఉంటుంది. అది లిథియం బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ దీన్ని మొదట అమ్మింది. దీన్ని తయారుచేసే దారి చూపిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ బ్యాటరీ కొనడానికి వెళ్ళేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్ళండి. దాని పేరు, అంకె, వోల్టులు అన్నీ కొత్తదానితో పోల్చి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అడగండి. బ్యాటరీ పొట్ట ఉబ్బితే ఇక వాడకండి. నొక్కకండి, పొడవకండి, ఛార్జింగు పెట్టకండి. అది అంటుకోవచ్చు.

పాత సెల్లులు ఏం చెయ్యాలి?

పొయ్యిలో వేయకండి. పేలతాయి. చేనులో, చెరువులో పారేయకండి. విషం మట్టిలోకి, నీళ్ళలోకి దిగుతుంది. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. కొసలకు టేపు అంటించి ఒక ప్లాస్టిక్ డబ్బాలో దాచండి. 2022లో కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ చెత్తకు నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం పాత బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకూడదు. వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసిన కంపెనీలది. సెల్లు మీద కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ ఉంటే అర్థం అదే.

సంఘం ఏం చేసింది?

సంఘం కొత్త కెమెరా కొనలేదు. నాలుగు సెల్లులే కొంది. పొదుపు పుస్తకం చివరి పేజీలో మూడు గళ్ళు గీసింది. నింపిన తేదీ. తీసిన ఫొటోలు. ఆగిన తేదీ. ఒకసారి నింపితే ఎన్ని ఫొటోలు వస్తున్నాయో అందులో రాస్తారు. ఆ అంకె సగానికి పడిపోయిన రోజున సెల్లులు ముసలివయ్యాయని తెలుస్తుంది. మళ్ళీ ఎవరి గేదె చెవి దగ్గరో నిలబడి తెలుసుకోనక్కర్లేదు.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో సెల్లులతో నడిచే వస్తువులు ఏవి? వాటి సెల్లుల మీద ఉన్న అంకెలు చదివి రాయండి.

2. పాత సెల్లులతో కొత్త సెల్లు ఎందుకు కలపకూడదు? పక్కింటి అక్కకు మీ మాటల్లో చెప్పండి.

3. మీ ఊళ్ళో పాత సెల్లులు ఎక్కడ పడుతున్నాయి? వాటిని ఒకచోట చేర్చడానికి మీ సంఘం ఏం చెయ్యగలదు?