ఆరుగురికి ఒకే గది

కృష్ణా డెల్టాలో పుట్టిన మాకు కొండలు తెలియవు. కరకట్ట ఎక్కితేనే కొండెక్కినట్టు. అలాంటి మేము 2023లో గన్నవరం నుంచి హజ్‌కు బయలుదేరాం. అక్కడి నుంచి హజ్ విమానాలు నడవడం అదే మొదటిసారి. అంతకుముందు మనవాళ్ళు హైదరాబాద్ వెళ్ళి ఎక్కేవారు. ఓడలు నడిచిన కాలంలో ముంబై ముసాఫిర్‌ఖానాల్లో రోజుల తరబడి వేచి ఉన్న పెద్దలూ ఉన్నారు.

మక్కాలో మాకు అజీజియా ప్రాంతంలో బస దొరికింది. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డల నుంచి వచ్చిన ఆరుగురు ఆడవాళ్ళం ఒకే గదిలో చేరాం. మగవాళ్ళు పక్కగదిలో సర్దుకున్నారు. ఆరు మంచాలు, వాటి కింద సామాన్లు, అందరికీ ఒకే బాత్‌రూం. ఫజర్ వేళ అక్కడ మాటామాటా అనుకున్నాం. ఏసీ వేస్తే ఒకరికి చలి, ఆపితే ఒకరికి ఉక్కపోత. “లక్షలు కట్టింది ఇందుకేనా?” అని విసుక్కున్నాం.

అవనిగడ్డ ఖాలా మాత్రం ఒక్క మాట అనలేదు. అందరికంటే ముందే తహజ్జుద్‌కు లేచి, స్నానం ముగించుకుని, మాకు దారి వదిలేవారు. అడిగితే, “1977 ఉప్పెన తర్వాత ఒక్క బడిలో ఎన్ని కుటుంబాలం పడుకున్నామో లెక్కలేదు. ఇక్కడ మంచం ఉంది కదమ్మా” అన్నారు. మాకు నోరు పెగల్లేదు.

జబలె నూర్ ఎక్కాలని అందరికీ ఆశ. క్రీ.శ. 610లో దైవప్రవక్త (స)కు మొదటి వహీ వచ్చిన హిరా గుహ ఆ కొండ మీదే ఉంది. సముద్రమట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తు, నిట్టనిలువు రాతి మెట్లు. ఎండకు భయపడి ఇషా నమాజ్ తర్వాత బయలుదేరాం. ఖాలాకు మోకాళ్ళ నొప్పి. యాభై మెట్లకే కూర్చుండిపోయారు, కళ్ళలో నీళ్ళు. ఈ కొండ ఎక్కడం హజ్ విధుల్లో లేదని, అరఫాత్ రోజుకు ఓపిక దాచుకోవడమే మేలని నచ్చజెప్పాం. మాలో ఒకరు ఆమెకు తోడుగా ఉండిపోయారు.

గుహ పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఐదడుగులకు కాస్త ఎక్కువ. ప్రవక్త (స) వెంట తెచ్చుకున్న ఆహారంతో అక్కడే రాత్రుల తరబడి ఆరాధనలో గడిపేవారని, అది అయిపోతే హజ్రత్ ఖదీజా (రజి) దగ్గరికి వచ్చి మళ్ళీ తీసుకెళ్ళేవారని హదీసు చెబుతోంది.

దిగివచ్చి ఖాలాకు చూసింది చూసినట్టు చెప్పాం. “అయితే మన గది కంటే చిన్నదన్నమాట” అన్నారామె.

మర్నాడు ఫజర్ వేళ బాత్‌రూం దగ్గర “మీరు ముందు, మీరు ముందు” అనుకున్నాం.

హజ్‌లో తగువులాట కూడదని దివ్య ఖుర్ఆన్ (2:197) ఆజ్ఞ. దానికి మొదటి పరీక్ష బసగదిలోనే ఎదురవుతుంది. ఇక ముందు బయలుదేరే సోదర సోదరీమణులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కొండ ఎక్కలేని పెద్దలను బలవంతపెట్టకండి. 2024 హజ్‌లో 1,300 మందికి పైగా మరణించారు. ఆ ఏడు ఎండ అంత తీవ్రంగా ఉంది. కొండ కింద కూర్చుని చేసిన దుఆ కూడా అల్లాహ్ వింటాడు.